ఆమె నేర్పిన మాట నాదేనా?

ప్రశ్న:

మేడమ్, నా వయసు 28. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకమ్మాయి పరిచయమైంది. తనది వరంగల్. దాదాపు ఆరేళ్లు కలిసి ఉన్నాం. నాలుగు నెలల కిందట విడిపోయాం. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. రెండిళ్లలోనూ చెప్పే ధైర్యం చాలక, మాలో మేమే పోట్లాడుకుని, చివరికి తను “ఇంక నాతోని కాదు” అంది. నేనూ ఆపలేదు.

బాధగా ఉంటుందని ముందే తెలుసు. దానికి సిద్ధపడ్డాను కూడా. కానీ వచ్చిన ఇబ్బంది వేరే. నేనెలాంటివాణ్ణో నాకే తెలియడం లేదు. మొన్న ఆఫీసులో ఎవరో ఏదో చెప్తుంటే నా నోట్లోంచి “గట్లెట్ల?” అని వచ్చింది. మా ఊళ్లో అయితే “అదెట్టా” అంటాం. అది తన మాట. పక్కనున్నవాళ్లు పట్టించుకోలేదు కానీ నాకు గొంతు పట్టేసింది. ఆదివారం పొద్దున సర్వపిండి చేసుకోవడం నా అలవాటు. తనే నేర్పింది. తను ఎండుకారం వేసేది, నేను అల్లం పచ్చిమిర్చి నూరి వేస్తాను. ఇప్పుడు ఆ గిన్నె తియ్యాలంటే చెయ్యి ఆడటం లేదు. పొద్దున్నే పరుగు తన వల్లే మొదలుపెట్టాను. సిగరెట్ తన వల్లే మానేశాను. కరెంటు బిల్లు గుర్తుచేసేది కూడా తనే. మొన్న గడువు దాటి ఫైన్ పడింది.

మా తాతయ్య పౌరాణిక నాటకాల్లో వేషాలు వేసేవారు. చిన్నప్పుడు ఆయన దగ్గర పద్యాలు నేర్చుకున్నాను, బాగానే పాడేవాణ్ణి. తను విని నవ్వేది. మానేశాను. ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు.

ఫొటోలు, చాట్లు, తన గుర్తులన్నీ తీసి పారేస్తే ఆరేళ్ల కిందటి నువ్వు మళ్లీ వచ్చేస్తావని ఫ్రెండ్స్ అంటున్నారు. ఆ 22 ఏళ్ల కుర్రాడు నాకు గుర్తు లేడు. రాత్రిళ్లు తన వాట్సాప్ డీపీ చూస్తూ ఉంటాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అమ్మ రోజూ ఎవరిదో ఒక ఫొటో పంపుతోంది. నేనెవరో నాకే తెలియనప్పుడు ఆ అమ్మాయికి ఏమని చెప్పుకోను? సర్వపిండి మానెయ్యాలా? ఆ మాట మానుకోవాలా? ఇవన్నీ నావా, తనవా?

సమాధానం:

ఏదీ మానెయ్యకండి. సర్వపిండి చేసుకోండి, “గట్లెట్ల” అని వస్తే రానివ్వండి. ఎందుకో నిదానంగా చెప్తాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. విడిపోయినవాళ్లు రాసే ఉత్తరాల్లో తను తిరిగొస్తుందా, నా తప్పేముంది అన్న ప్రశ్నలే ఎక్కువ. మీరు “ఇవన్నీ నావా, తనవా?” అని అడిగారు. మీ ఫ్రెండ్స్‌కి ఇది అతి ఆలోచనలా అనిపించి ఉండొచ్చు. కానీ ఇదే ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రంలో నలభై ఏళ్లుగా పని జరుగుతోంది, మీ పరిస్థితికి సూటిగా తగిలే సంగతులు అందులో చాలా ఉన్నాయి.

అమెరికాలో ఆర్థర్ ఆరన్, ఎలేన్ ఆరన్ అనే పరిశోధక దంపతులు 1986లో ఒక ఆలోచన ముందుపెట్టారు. మనిషికి పెరగాలనే కోరిక ఉంటుంది. కొత్త పనులు చేతకావాలని, కొత్త కోణంలో లోకాన్ని చూడాలని, నలుగురు మనుషులు తోడవ్వాలని ఉంటుంది. ప్రేమలో పడినప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా దక్కుతాయి. అవతలి మనిషి రుచులు, స్నేహితులు, తెలివి, చివరికి వాళ్ల ఊరు కూడా మనలో భాగమైపోతాయి. మీకు వరంగల్ అలాగే దక్కింది.

మాటవరసకి చెప్పి వదిలేయకుండా, దీన్ని కొలిచి చూడాలనుకున్నారు వాళ్లు. 1991లో వచ్చిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. పెళ్లయినవాళ్లని పిలిచి కొన్ని లక్షణాల పేర్లు ఇచ్చారు. ఇందులో నీకున్నవేవి, నీ భార్యకో భర్తకో ఉన్నవేవి అని ముందు రాయించుకున్నారు. తర్వాత అవే పేర్లు తెర మీద ఒక్కొక్కటిగా చూపిస్తూ, “నాది” అనిపిస్తే ఒక మీట, “నాది కాదు” అనిపిస్తే ఇంకో మీట వెంటనే నొక్కమన్నారు. ఇద్దరికీ ఉన్న లక్షణమైతే, లేదా ఇద్దరికీ లేనిదైతే, చెయ్యి గబుక్కున వెళ్లింది. ఒకరికి ఉండి ఇంకొకరికి లేనిదైతే మాత్రం చిన్న తడబాటు, సెకనులో చిన్న ముక్కంత. భర్త పిసినారి, భార్య కాదు అనుకోండి. ఆమెకి “పిసినారి” అన్న మాట కనిపించినప్పుడు తన గురించి తనే జవాబు చెప్పుకోవడానికి కాస్త ఎక్కువ సమయం పట్టిందన్నమాట. తన గురించే అడుగుతున్నా ఆయన కూడా ఆ లెక్కలోకి వచ్చేశాడు.

ఆఫీసులో మీ గొంతు పట్టేసిన ఆ క్షణం కూడా ఇలాంటిదే. మీ మనసు “నాదా, నాది కాదా” అన్న రెండు మీటల మధ్య ఆగింది.

ఆ మరుసటి ఏడాది ఆరన్ దంపతులు ఇంకో సహచరుడితో కలిసి ఒక చిన్న కొలత తయారుచేశారు. ఏడు బొమ్మలు, ఒక్కో బొమ్మలో రెండు సున్నాలు. ఒకటి నువ్వు, రెండోది అవతలి మనిషి. మొదటి బొమ్మలో సున్నాలు విడివిడిగా ఉంటాయి, ఏడో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఒకదానిమీద ఒకటి దాదాపు కప్పేసి ఉంటాయి. మీ ఇద్దరికీ సరిపోయే బొమ్మ ఏది అని అడుగుతారు, అంతే. ఇంత సులువైన కొలత ఎన్నో పెద్ద ప్రశ్నావళులతో సమానంగా పనిచేస్తుందని తేలింది. మీరూ ఒక కాగితం మీద గీసి చూడండి. రెండేళ్ల కిందటి బొమ్మ ఒకటి, ఈ రోజుది ఒకటి.

1995లో ఇంకొకటి వచ్చింది. మూడువందల మందికి పైగా కాలేజీ విద్యార్థులని పది వారాల్లో ఐదుసార్లు కూర్చోబెట్టి “ఈ రోజు నువ్వెవరు?” అన్న ప్రశ్నకి మూడు నిమిషాల్లో తోచినవన్నీ రాయమన్నారు. మధ్యలో ప్రేమలో పడినవాళ్ల జాబితాలు మారిపోయాయి. అంతకు ముందు లేని కొత్త కొత్త రకాల వర్ణనలు వచ్చి చేరాయి. ప్రేమ వాళ్లని నిజంగానే పెంచింది, కాగితం మీద కనిపించేంతగా.

మరి ఆ ప్రేమ తెగితే? గ్యారీ లెవాండోస్కీ బృందం 2006లో ఇదే చూసింది. ఏ బంధం మనిషిని ఎక్కువగా పెంచిందో, అది తెగినప్పుడు ఆ మనిషి తనను తాను వర్ణించుకునే జాబితా అంత ఎక్కువగా కుదించుకుపోయింది. 2010లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఎరికా స్లాటర్, వెండీ గార్డ్‌నర్, ఎలీ ఫింకెల్ చేసిన పరిశోధన మీ ఉత్తరాన్ని చదివి రాసినట్టే ఉంటుంది. విడిపోయినవాళ్లలో “నేనెవరు” అన్న స్పష్టత తగ్గిందని, విడిపోయాక వచ్చే దుఃఖంలో కొంత భాగం సరిగ్గా ఆ అయోమయం నుంచే వస్తోందని వాళ్లు చూపించారు. ప్రేమించిన మనిషి లేకపోవడం ఒక నొప్పి, నేనెవరో తెలియకపోవడం దానికి తోడైన ఇంకో నొప్పి. మీరు ఆ రెండో నొప్పిని విడదీసి చెప్పగలిగారు. అందుకే దానికి విడిగా మందు వెయ్యొచ్చు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ పరిశోధనలు చాలావరకు అమెరికా కాలేజీ పిల్లల మీద జరిగినవి. “నేను” అన్నదాన్ని అన్ని సమాజాలూ ఒకేలా అనుకోవని 1991లోనే హేజెల్ మార్కస్, షినోబు కితయామా రాశారు. అమెరికాలో “నేను” అంటే ఒంటరి మనిషి. మన దగ్గర అందులో అమ్మ, తాతయ్య, ఊరు మొదటినుంచీ ఉంటాయి. మీ ఉత్తరంలోనే చూడండి, మీ గురించి చెప్పుకోవడానికి మీరు తాతయ్యని తెచ్చారు. మీ కాగితం మీద ఉన్నది రెండు సున్నాలే కాదు. మీ సున్నా మీద ఇప్పటికే చాలామంది కప్పి ఉన్నారు, వాళ్లలో ఒకరే జరిగారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, నావా తనవా అన్నది.

పాలకి తోడు వేస్తాం కదా. చెంచాడు పెరుగు వేసి కలిపి మూతపెడతాం. పొద్దున్నకి గిన్నెడు పెరుగవుతుంది. అందులో తోడు వేసిన చెంచా ఏది, పాలు ఏవి అని ఎవరైనా విడదీయగలరా? ఆ తోడు పక్కింటినుంచి తెచ్చిందే కావచ్చు. గిన్నెలో తోడుకున్నది మాత్రం మీ ఇంటి పాలే. ఆమె మీకు తోడు వేసింది. ఆరేళ్లు తోడుకున్నది మీరు.

ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు, రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. తను ఎండుకారం వేసేది, మీరు అల్లం పచ్చిమిర్చి నూరి వేస్తారు. అది మీ చెయ్యి. గిన్నెలో పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుకొక చుక్క నూనె వెయ్యడం ఆమె నేర్పింది. కానీ ఆ పిండిలో పడే రుచి మీరు మార్చేశారు. ఇప్పుడు ఆ సర్వపిండి వరంగల్‌లో వాళ్లమ్మ చేసేదీ కాదు, ఆమె చేసేదీ కాదు. అలాంటిది మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

మాట సంగతీ అంతే. దగ్గరైన మనుషుల మాటతీరు ఒకరిది ఒకరికి అంటుకుంటుంది. జేమ్స్ పెన్నెబేకర్ బృందం 2011లో దీన్ని లెక్కగట్టింది. మొదటిసారి కలుసుకున్న అబ్బాయిలు, అమ్మాయిల మాటల్లోని చిన్నచిన్న పదాల వాడుక ఎంత దగ్గరగా ఉంటే, వాళ్లు మళ్లీ కలవాలనుకునే అవకాశం అంత ఎక్కువగా కనిపించింది. గమనించి చేసే అనుకరణ కాదది. పెళ్లై కర్నూలు వెళ్లిన గోదావరి జిల్లా ఆడవాళ్ల మాట పదేళ్లకి ఎలా మారుతుందో మనందరం చూశాం. వాళ్లని ఎవరూ ఇది నీ యాస కాదు అనరు.

కరెంటు బిల్లు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే మీరు దాన్ని మామూలు మతిమరుపులా రాశారు. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త 1980లలో ఒక సంగతి గమనించాడు. చాలాకాలం కలిసున్న జంటలు జ్ఞాపకాన్ని కూడా పంచుకుంటారు. నువ్వు ఇది గుర్తుపెట్టుకో, నేనది గుర్తుపెట్టుకుంటా అని ఎవరూ ఒప్పందం రాసుకోరు, అదే ఏర్పడుతుంది. చుట్టాల పుట్టినరోజులు ఒకరి దగ్గర, బ్యాంకు తేదీలు ఇంకొకరి దగ్గర. విడిపోతే ఆ రెండోవాళ్ల దగ్గర దాచుకున్నదంతా వాళ్లతోనే పోతుంది. మీకు మతి తప్పలేదు. మీ జ్ఞాపకంలో ఒక అర ఆమె ఇంట్లో ఉండిపోయింది. ఆమె మీకోసం ఏమేం గుర్తుపెట్టుకునేదో ఒక చీటీ రాయండి. బిల్లు, ఇన్సూరెన్స్, మీ రూమ్మేట్ పుట్టినరోజు, ఏ మాత్ర మీకు పడదో. ఒక సాయంత్రం కూర్చుని అన్నిటికీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. చిన్నపనే అనిపిస్తుంది కానీ “ఇది నేను చూసుకోగలను” అన్నది ఇలాంటి పనుల్లోనే తిరిగి వస్తుంది.

అన్నీ ఉంచేసుకోమని మాత్రం చెప్పను. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వేరుచెయ్యాలి. 2014లో బ్రెంట్ మాటింగ్లీ, లెవాండోస్కీ, కెవిన్ మెకింటైర్ ముగ్గురూ కలిసి ఒక పని చేశారు. ప్రేమ మనిషిని పెంచుతుందనే ఇంతకాలం చూశాం, నిజానికి నాలుగు రకాలుగా మారుస్తుంది కదా అన్నారు. మంచిది చేరొచ్చు, చెడ్డది పోవచ్చు, మంచిది పోవచ్చు, చెడ్డది చేరొచ్చు. మొదటి రెండూ జరిగిన బంధాల్లో జనం సంతోషంగా ఉన్నారు, తర్వాతి రెండూ జరిగిన చోట లేరు.

మీ ఉత్తరాన్ని ఈ నాలుగు గదుల్లో సర్ది చూశాను. మంచివి చేరాయి: పరుగు, వంట, ఒక కొత్త యాస, వరంగల్. చెడ్డది పోయింది: సిగరెట్. దీన్ని గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే “తనకోసం మానేశాను, ఇప్పుడు తనే లేదు” అన్న మాట ఏదో ఒక రాత్రి తప్పకుండా వస్తుంది. ఆమె కోసం మొదలుపెట్టినా ఊపిరితిత్తులు మీవి. ఇన్నేళ్లూ రోజూ ఆ కోరికని దాటింది మీరే.

చెడ్డది ఏం చేరిందో మీరు రాయలేదు. నేను ఊహించి అడుగుతున్నాను, తప్పైతే వదిలెయ్యండి. ఆరేళ్లు ఇంట్లో తెలియకుండా దాచిన ప్రేమల్లో అబద్ధం ఒక అలవాటైపోతుంది. అమ్మ ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నాననడం, నలుగురిలో ఫోన్ బోర్లించి పెట్టడం. అలాంటిదేదైనా ఉంటే, అది ఇద్దరూ కలిసి మోసిన బరువు, ఇక దించెయ్యొచ్చు.

మంచిది పోయిందేమిటో మాత్రం మీరే చెప్పారు, ఉత్తరంలో నా మనసు ఆగిపోయింది అక్కడే. పద్యం. “ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు” అని రాశారు. ఆమె మీద కోపంతో కూడా రాయలేదు మీరు. ఆమె వద్దని ఉండకపోవచ్చు కూడా. ఒకసారి నవ్వి ఉంటుంది, మీరు రెండోసారి గొంతు తగ్గించి ఉంటారు, మూడోసారి నోట్లోనే అనుకుని ఉంటారు. మనలో మంచివి చాలావరకు ఇలాగే పోతాయి, ఎవరూ లాక్కోకుండా.

లెవాండోస్కీ, నికోల్ బిజోకో 2007లో విడిపోయాక ఎదిగినవాళ్ల గురించి పరిశోధించారు. తమని పెద్దగా పెంచని బంధంలోంచి బయటపడ్డవాళ్లు విడిపోయాక ఎక్కువ ఎదిగామని చెప్పారు. అలా ఎదగడానికీ, పోగొట్టుకున్న తమని తాము మళ్లీ వెతుక్కోవడానికీ సంబంధం కనిపించింది. మీ బంధం మిమ్మల్ని పెంచింది, కాబట్టి మొత్తంగా మీకిది వర్తించదు. పద్యం దగ్గర మాత్రం వర్తిస్తుంది. మీ ఫ్రెండ్స్ వెనక్కి తెచ్చుకోమంటున్న 22 ఏళ్ల కుర్రాడు మొత్తంగా తిరిగిరాడు, రానక్కర్లేదు. అతని చేతిలో ఉన్న ఆ ఒక్కటీ అడిగి తీసుకోండి.

ఫొటోలు, డీపీ విషయానికి వస్తే, మీ ఫ్రెండ్స్ మాటలో సగం నిజం ఉంది. పాత ఫొటోలు చెరపనక్కర్లేదు, ఒక డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో వేసి అన్నయ్యకో ఫ్రెండ్‌కో ఇచ్చెయ్యండి. అవి మీ ఆరేళ్లు, వాటిని చెరిపితే మీ జీవితంలో ఆరేళ్లకి సాక్ష్యం ఉండదు. డీపీ చూడటం మాత్రం ఆపండి. సర్వపిండికీ దానికీ తేడా చెప్తాను. సర్వపిండి మీలో ఉన్న ఆమె. డీపీలో ఉన్నది మీరు లేని ఆమె, ఈ రోజు ఆమె ఎవరితో ఎక్కడ ఉందో మీరు చేసుకునే ఊహ. టారా మార్షల్ 2012లో ప్రచురించిన పరిశోధనలో, విడిపోయిన మనిషి ఫేస్‌బుక్ పేజీని ఎక్కువగా చూసేవాళ్లలో బాధ, తిరిగి కావాలన్న తపన ఎక్కువగా, తమ ఎదుగుదల తక్కువగా కనిపించాయి. చూడటం వల్ల బాధ పెరిగిందా, బాధ ఉండి చూశారా అన్నది ఆ పరిశోధన తేల్చలేదు. కానీ రాత్రి పదకొండింటికి మీకు ఏది జరుగుతోందో మీకే తెలుసు. నంబర్ ఆర్కైవ్ చేసి, కాంటాక్ట్స్‌లోంచి పేరు తీసెయ్యండి. బ్లాక్ చెయ్యడం ఆమెని అవమానించినట్టు అనిపిస్తే వద్దు.

“మరిచిపో, ఆ మాటే ఎత్తకు” అన్న సలహా కూడా అంత మంచిది కాదు. గ్రేస్ లార్సన్, డేవిడ్ స్బారా 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఈమధ్యే విడిపోయిన 210 మంది యువతీయువకుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుని తొమ్మిది వారాల్లో చాలాసార్లు పిలిచి విడిపోవడం గురించి ప్రశ్నలడిగారు, రికార్డర్ ముందు మాట్లాడమన్నారు. ఇంకో గుంపుని మొదట్లో, చివర్లో మాత్రమే పిలిచారు. చికిత్సేమీ చెయ్యలేదు. ఊరికే అడిగారు. మాటిమాటికీ మాట్లాడినవాళ్లకి తామెవరో స్పష్టత ఎక్కువగా తిరిగొచ్చింది, ఒంటరితనం తగ్గింది, “మేము” అన్న మాట వాడటం తగ్గింది. స్బారా సహచరులు అంతకు ముందు చేసిన ఇంకో పరిశోధనలో, ఒక వారం “నేనెవరు” అన్నది కుదురుకోకపోతే మరుసటి వారం మనసు బాగుండలేదు. ముందు మనసు బాగుపడితే తర్వాత స్పష్టత వస్తుందని మనం అనుకుంటాం. అక్కడ వరస తిరగబడి కనిపించింది.

కాబట్టి వారానికోసారి, ఒక పావుగంట, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టుకుని మాట్లాడండి. “ఈ వారం నేను” అని మొదలుపెట్టండి. ఆమె గురించి వస్తే రానివ్వండి. పావుగంట దాటాక ఆపెయ్యండి, రోజంతా నెమరేసుకోవడం వేరే సంగతి, అది మేలు చెయ్యదు. రెండు నెలల తర్వాత మొదటి రికార్డింగ్ వినండి.

ఇక సంబంధాలు. ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. “పెళ్లి చేస్తే వాడే సర్దుకుంటాడు” అన్న మాట నాకు ఎప్పుడూ నచ్చదు. రాబోయే అమ్మాయి మీ గాయానికి కట్టు కాదు. అయితే అందరూ అనుకున్నట్టు త్వరగా కొత్త బంధంలోకి వెళ్లినవాళ్లందరూ దెబ్బతినలేదు. క్లాడియా బ్రంబా, క్రిస్ ఫ్రేలీ చేసిన పరిశోధనలో, త్వరగా ఇంకొకరికి దగ్గరైనవాళ్ల ఆత్మవిశ్వాసం బాగానే ఉంది, పాత మనిషి గురించిన బెంగ కూడా తక్కువే. కానీ అక్కడ కుదరకపోతే మూడో వారంలో విడిపోవచ్చు. ఇక్కడ పెళ్లిచూపులైన మూడో వారానికి ఫంక్షన్ హాలు బుక్ అయిపోతుంది. అందుకే టైమ్ అడగమంటున్నాను.

అమ్మకి దాచకుండా చెప్పండి. “అమ్మా, ఒకమ్మాయిని ఇష్టపడ్డాను, కుదర్లేదు. ఇప్పుడు ఎవరి ఫొటో చూసినా ఆమెతో పోలుస్తాను. ఆ అమ్మాయికి అన్యాయం. ఉగాది దాకా ఆగు.” ఉగాది కాకపోతే ఇంకో పండగ, ఏదో ఒక తేదీ ఉండాలి. తేదీ లేని గడువుని ఏ అమ్మా ఒప్పుకోదు. ఏడుస్తుంది, కోప్పడుతుంది, రెండ్రోజులు ఫోన్ చెయ్యదు. తర్వాత “తిన్నావా” అని చేస్తుంది. ఆరేళ్లుగా మీరు అమ్మకి చెప్పని మనిషిగా ఉన్నారు. ఆ దాపరికం కూడా మిమ్మల్ని మీకు అర్థం కాకుండా చేస్తోందని నా అనుమానం.

అప్పుడు కూడా పూర్తిగా తేరుకున్నాకే పెళ్లి అనుకోనక్కర్లేదు. ఆ అమ్మాయి “మీ గురించి చెప్పండి” అంటే చెప్పడానికి మీ దగ్గర చాలా ఉంది. తెనాలి వాణ్ణి, పొద్దున్నే పరిగెడతాను, సర్వపిండి బాగా చేస్తాను, పద్యం పాడతాను. అవి ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే నిజం చెప్పండి.

ఇంకొక్క విషయం. నిద్ర పూర్తిగా పోయినా, తిండి మానేసినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఉత్తరాలు రాస్తూ కూర్చోకండి. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత లైను, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు.

ఈ ఆదివారం గిన్నె తియ్యండి. మొదటిది తీశాక గిన్నె చల్లారేదాకా రెండోది ఒత్తలేరు కదా, చెయ్యి కాలుతుంది. ఆ పది నిమిషాల్లో తాతయ్య పద్యం ఏదైనా ఒకటి ఎత్తుకోండి. గొంతు తగ్గించకుండా, ఆయన నేర్పినంత గట్టిగా. రాగం తీసే చోట మరిచిపోయి ఉంటే ఊరెళ్లినప్పుడు ఆయనతో వేషాలు కట్టినవాళ్లు ఎవరున్నారో కనుక్కుని వెళ్లి అడగండి.